బోధనాభారము – ఆచార్యధర్మము

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడినంతనే నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి ప్రాంతమున రెండు కార్యములు ఒక్కమారుగా ఆరంభమగును. ఒకటి పసుపు నాటుట. రెండవది బడులు తెరచుట. 2024లోను, 2025లోను తెలంగాణ రాష్ట్రమున పాఠశాలలు జూన్ 12వ తేదీననే తెరువబడినవి. పొలములో రైతు విత్తన కొమ్ములను సాళ్లలో పెట్టుచుండగా బడిలో ఉపాధ్యాయుడు కొత్త పేర్లను హాజరుపట్టీలో వ్రాయుచుండును. ఇద్దరి పనియు విత్తుటయే. ఇద్దరికిని ఆ నెలలో ఊపిరి తిరుగదు. అయితే రైతు తన నీటికిని, తన కూలీలకును, తన శక్తికిని తగినంత నేలలోనే పసుపు పెట్టుకొనగలడు. ఉపాధ్యాయునకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఎందరు బిడ్డలు, ఎన్ని తరగతులు, ఎన్ని పాఠ్యాంశములు అనునది వేరొకచోట నిర్ణయింపబడి అతని యెదుటికి వచ్చును.

ఇట్లు భారము పెరిగినప్పుడు ఆచార్యుని ధర్మమేమి? ఎంతైనను నోరెత్తక మోయుటయా? మోయలేనంత వచ్చినప్పుడు కొంత దింపుటయా? దింపక తప్పనిచో దేనిని దింపవలెను, దేనిని దింపరాదు? చిరకాలము పాఠము చెప్పి విశ్రాంతి పొందిన నావంటివారిని యువకులైన ఉపాధ్యాయులు తరచుగా అడుగు ప్రశ్న యిది. దీనికి శాస్త్రదృష్టితోను, లోకానుభవముతోను సమాధానము విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

లోపము ఎవరిపై పడును?

ఇది కేవలము ఉద్యోగవ్యవహారమనియు, ప్రభుత్వమునకును ఉపాధ్యాయ సంఘములకును నడుమ తేలవలసిన లెక్కయనియు కొందరు తలపవచ్చును. అట్లు కాదు. భారము పెరిగినను బడి ఆగదు. గంట మ్రోగును, పాఠము సాగును, పట్టీలు నిండును, పరీక్షలు జరుగును. పైనుండి చూచువారికి ఏ లోపమును కానరాదు. లోపమెచ్చట దాగియుండుననగా, వెనుక వరుసలో గూర్చున్న బిడ్డయందు.

చురుకైన బిడ్డ గురువు సగము చెప్పినను తక్కినది ఊహించి గ్రహించును. మెల్లగా గ్రహించు బిడ్డకు రెండవసారి చెప్పవలెను, మూడవసారి చెప్పవలెను, ప్రక్కన గూర్చుండి చేయిపట్టి వ్రాయింపవలెను. ఉపాధ్యాయునకు తీరిక లేనప్పుడు మొట్టమొదట జారిపోవునది ఆ రెండవసారియే. దానిని తీసివేయుమని ఎవరును ఆజ్ఞాపింపరు. తాను తీసివేయుచున్నానని ఉపాధ్యాయునకే తెలియదు. ఏ పట్టీలోను అది నమోదు కాదు.

కమ్మర్‌పల్లి, మోర్తాడు, భీమ్‌గల్ ప్రాంతములలో అనేక కుటుంబముల పురుషులు గల్ఫ్ దేశములకు పనికై పోవుదురు. ఇంట తల్లి బీడీలు చుట్టి, పసుపు చేలలో కూలికి పోయి సంసారమును ఈడ్చును. కొన్నియిండ్లలో బిడ్డలను చూచువారు అవ్వతాతలే. అట్టి యింటినుండి మూడవ తరగతికి వచ్చిన ఒక బిడ్డకు గుణింతము ఇంకను కుదురలేదనుకొందము. ఇంట కూర్చుండబెట్టి చెప్పువారు లేరు. ట్యూషనునకు పంపు స్తోమతు లేదు. బడిలో ఆ రెండవసారి దొరకనిచో ఆ బిడ్డకు లోకములో మరెచ్చటను దొరకదు. ఆ సంవత్సరము తప్పినచో నాలుగవ తరగతి పాఠము ఆ బిడ్డకు గోడవంటిదగును. ఏ పాపమును చేయని పసిబిడ్డపై పడు ఈ నష్టమువలననే బోధనాభారము ధర్మప్రశ్న యగుచున్నది.

లెక్క యెట్లున్నది?

2009లో పార్లమెంటు చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ననుసరించి ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలున్నచో ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు ఉండవలెను. తలల లెక్కకు ఇది ఒక్కరికి 30 మంది; సమంజసముగనే కానవచ్చును. కాని తరగతులు ఐదు. మన రాష్ట్రమున 1, 2 తరగతులకు తెలుగు, ఆంగ్లము, గణితము. 3, 4, 5 తరగతులకు వీనితోపాటు పరిసరముల విజ్ఞానము. వెరసి 18 పాఠ్యాంశములు. ఇద్దరు సమముగా పంచుకొన్నను ఒక్కొక్కరికి తొమ్మిది. ఒకరు సెలవుపై నున్ననాడు పదునెనిమిదియు రెండవవారివే.

దీనికితోడు 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక ప్రక్క తెలుగును, మరియొక ప్రక్క ఆంగ్లమును గల ద్విభాషా పుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. తాను తెలుగులో చదివి, తెలుగులోనే చెప్పుటకు అలవాటుపడిన ఉపాధ్యాయుడు అదే పాఠమునకు ఇప్పుడు రెండింతలు సిద్ధపడవలెను. 2024 నవంబరులో రాష్ట్రమంతట జరిగిన ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను వినియోగించిరి. ఆ దినములలో బడులు ఒంటిపూట నడచినవి. మరియొక ప్రక్క 2024 ఫిబ్రవరిలో 11,062 ఉపాధ్యాయస్థానములకు ప్రకటన వెలువడి, ఆ అక్టోబరులో నియామకపత్రములు ఈయబడినవి. విద్యాసంవత్సరము జూన్‌లో మొదలై, క్రొత్త ఉపాధ్యాయుడు అక్టోబరులో వచ్చినచో, నడిమి నాలుగు మాసముల భారము ఉన్నవారిమీదనే పడునుగదా.

ఆ విద్యాహక్కు చట్టముననే గమనింపదగిన మరియొక విషయము కలదు. 1 నుండి 5వ తరగతి వరకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 బోధనా గంటలు. అనగా దినమునకు నాలుగు గంటలు. ఉపాధ్యాయునకు వారమునకు కనీసము 45 గంటల పని. అయితే ఆ 45 గంటలలో పాఠమునకు సిద్ధపడు సమయము కూడ చేరియుండునని చట్టమే చెప్పుచున్నది. సిద్ధపడుట బోధనకు బయటి విషయము కాదు, బోధనలో భాగమే యని నేటి శాసనము అంగీకరించినదన్నమాట. కాని భారము పెరిగినప్పుడు మొట్టమొదట మ్రింగబడునది ఈ సమయమే.

స్వాధ్యాయము లేని ప్రవచనము

ఈ విషయమును మన ఉపనిషత్తు ఏనాడో గుర్తించినది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లియందు ఒక అనువాకము కలదు. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము మొదలుకొని అతిథిసేవ, లోకవ్యవహారము, సంతానము వరకు పండ్రెండు ధర్మములను అది పేర్కొనును. ప్రతిదానితోను స్వాధ్యాయ ప్రవచనములను జోడించి చెప్పును. స్వాధ్యాయమనగా తాను చదువుకొనుట. ప్రవచనమనగా ఇతరులకు చెప్పుట. ఇందు రెండు సూక్ష్మములు గ్రహింపదగియున్నవి.

మొదటిది: ఈ రెండును ఏ ఒక్కచోటను విడదీయబడలేదు. స్వాధ్యాయము ముందు, ప్రవచనము వెనుక. బావిలో ఊట లేక చేదవేసినచో బురదయే వచ్చును. సిద్ధపడక చెప్పిన పాఠమును పిల్లవాడు వెంటనే గుర్తించును. నోటితో చెప్పలేకపోవచ్చునుగాని కన్నులతో చెప్పును. రెండవది: అతిథులు, సంతానము, లోకవ్యవహారము ఉపాధ్యాయుని ధర్మమునుండి తొలగింపబడలేదు. ఇల్లు మరచి, బిడ్డలను మరచి బోధించుమని ఉపనిషత్తు చెప్పలేదు. వానితోపాటు బోధించుమనియే చెప్పినది. ఆ అనువాకము చివర సత్యమే ముఖ్యమని ఒక ఋషియు, తపస్సే ముఖ్యమని మరియొక ఋషియు పలుకగా, ముద్గలుని వంశమువాడైన నాకుడను ఋషి స్వాధ్యాయ ప్రవచనములే తపస్సని నిర్ణయించెను. చదువుకొని చెప్పుటకన్న వేరైన తపస్సు ఉపాధ్యాయునకు అక్కరలేదు.

ఆ వల్లియందే ఆవహంతీ హోమమని ప్రసిద్ధమైన ప్రార్థన కలదు. అది ఒక గురువు చేయు ప్రార్థన. నీరు పల్లమునకు పారినట్లు, మాసములు సంవత్సరములో చేరినట్లు శిష్యులు అన్నిదిక్కులనుండియు తన కడకు రావలెనని ఆ గురువు కోరును. శిష్యులు పెరుగుట ఆయనకు భారము కాదు. అదియే ఆయన కోరిక. కాని ఆ కోరికకు ముందు ఆయన అడిగినదేమి? వస్త్రములు, గోవులు, అన్నపానములు సమృద్ధిగా నీయు శ్రీని ముందుగా ప్రార్థించి, ఆ పిదపనే శిష్యులను కోరెను. వచ్చువారిని పోషించి బోధించుటకు తగిన సాధనములు ముందు, శిష్యసమృద్ధి తరువాత. బిడ్డలు ఎక్కువమంది బడికి వచ్చుట ఏనాటికిని కీడు కాదు. సాధనములు పెరుగక బిడ్డలు మాత్రము పెరుగుటయే కీడు. ఈ భేదమును మరచినచో ఉపాధ్యాయుడు బిడ్డలపై విసుగుకొనును. ఆ విసుగు పొందదగినది బిడ్డలు కారు.

మన పూర్వులు బోధనకు ఆరంభమును, విరామమును కూడ ఏర్పరచిరి. శ్రావణపూర్ణిమనాడు ఉపాకర్మతో వేదాధ్యయనము ఆరంభించి, నాలుగున్నర మాసములు సాగించి, పిదప ఉత్సర్జనము చేయుట ధర్మశాస్త్రములు చెప్పిన క్రమము. ఆ నడుమను అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలు అనధ్యయనములు. ఆ దినములలో పాఠము చెప్పుట పుణ్యమని కాక దోషమని చెప్పిరి. దీనికి శాస్త్రకారులు చూపిన కారణములు వేరుగా నున్నను, దానివలన కలిగిన ఫలము ప్రత్యక్షము. గురువు గొంతు కుదుటపడును. శిష్యుడు వల్లెవేసినది మనస్సులో నాటుకొనును. గీతలోని ఆరవ అధ్యాయమున భగవానుడు యోగము గూర్చి చెప్పుచు ఆహారము, విహారము, పని, నిద్ర, మెలకువ అన్నియు మితముగ నుండవలెనని ఉపదేశించెను. పని కూడ ఆ పట్టికలో నున్నదని మనము గమనింపవలెను. మితము తప్పిన సత్కార్యము సత్కార్యముగ నిలువదు.

ఒక ఆక్షేపణ

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "ఆచార్యత్వము తపస్సు కదా! గంటలు లెక్కించుట కూలివాని లక్షణము కాదా? మన ఆచార్యులు ఎన్ని కష్టములకోర్చి సంప్రదాయమును నిలిపిరి!" అని.

తపస్సు గొప్పదే. కాని తపస్సు తనంతట తాను చేయునది. ఇతరులచే చేయించునది కాదు. ఉపాధ్యాయుని దైవసమానుడని సభలలో పొగడి, శాలువ కప్పి, ఆ పొగడ్తనే సాకుగా అతనిపై మరొక పని మోపుట గౌరవము కాదు. మర్యాద వేషము ధరించిన అన్యాయము. ఇక ఆచార్యుల విషయము. భగవద్రామానుజులు గోష్ఠీపూర్ణుల కడకు పదునెనిమిది పర్యాయములు పోయి మంత్రార్థమును పొందిరని శ్రీవైష్ణవులందరును ఎరుగుదురు. ఆ వృత్తాంతమున కష్టపడినవారు శిష్యులు. ఒక్క శిష్యునకు ఒక్క అర్థమును చెప్పుటకు ఆచార్యుడు అంతకాలము తీసికొనెను. తొందరపడి చెప్పుట ఆ సంప్రదాయమున లేనేలేదు. ఆ రామానుజులే సంప్రదాయభారమును తామొక్కరే మోయక డెబ్బది నలుగురు సింహాసనాధిపతులను నియమించి పంచియిచ్చిరి. ఆయనకు శక్తి చాలకనా? కాదు. ఒక్కని భుజముపై నిలిచినది ఆ ఒక్కనితోనే పోవునని యెరిగి పంచిరి.

ఏకచక్రపురము చెప్పు నీతి

మన జిల్లాలోని బోధన్ పట్టణమే భారతములోని ఏకచక్రపురమని స్థానికులు పరంపరగా చెప్పుకొందురు. వ్యుత్పత్తి వేరైనను ఆ పట్టణపు పేరులో బోధన యను మాట వినబడుచున్నది. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమువలన ఆ పేరు దేశమంతట తెలిసినది; 2015లో ఆ కర్మాగారము మూతపడినది. కాని బకాసురుని కథ మాత్రము ఆ ప్రాంతమువారి నోట నిలిచియున్నది. ఆ కథ భారమును గూర్చిన కథయే.

ఏకచక్రమున ఇంటికొక వంతు. వంతు వచ్చిన యిల్లు బండెడు అన్నమును, రెండు దున్నపోతులను, వానిని తోలుకొనిపోవు మనుష్యుని బకునకు సమర్పింపవలెను. పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణుని యింటికి వంతు వచ్చినది. తండ్రి తాను పోదుననెను. తల్లి తాను పోదుననెను. కూతురు తాను పోదుననెను. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి తానే రాక్షసుని చంపెదననెను. ఎంతటి త్యాగము! చదువరి కన్నులు చెమ్మగిల్లును. కాని ఆ నలుగురిలో ఎవరు పోయినను బకుడు మరునాడు మరియొక యింటిని అడుగును. వంతులు న్యాయముగనే యుండెను. ప్రతి యిల్లును సమముగనే భరించుచుండెను. అయినను అది ధర్మము కాదు. ఆ బ్రాహ్మణుడే మరియొక మాట చెప్పెను: ఈ దేశమునకు రాజొకడు కలడుగాని ప్రజలను రక్షించు ఉపాయమును అతడు ఆలోచింపడని.

అప్పుడు కుంతి చేసిన పనిని విచారింతము. ఆమె ఆ యింటివారి త్యాగమును మెచ్చి ఊరకుండలేదు. వంతును మరియొక యింటికి మార్చుమనియు చెప్పలేదు. ఎవరికి శక్తి కలదో వానిని, తన బిడ్డనే, పంపి ఆ వంతునకే అంతము పలికించెను.

బోధనాభారమున ఈ మూడు మార్గములును మనకు కానవచ్చును. అంతయు తానే మోయుదుననుట మొదటిది. అది త్యాగమే, కాని మోయువాడు కూలినచో బిడ్డలకు దిక్కు లేదు. సహోపాధ్యాయులు వంతులు వేసికొనుట రెండవది. అది న్యాయమే, అవసరమే. ఒకరి సెలవునాడు ఒకరు, ఒకరికి రాని పాఠమును మరియొకరు చెప్పుట మంచిది. కాని తగినంతమంది లేనిచోట వంతులు ఎట్లు వేసినను కొరత కొరతయే. శక్తి కలవారికి భారమును అప్పగించుట మూడవది. ఇచ్చట శక్తి కలవారెవరు? పోస్టులు నింపవలసిన ప్రభుత్వము, బడిని తనదిగా భావింపవలసిన గ్రామము. కొరతను మర్యాదగా, లెక్కలతో, వ్రాతమూలకముగా పైవారికి తెలుపుట ఉపాధ్యాయునకు అవిధేయత కాదు. తెలుపక కొరతను కప్పిపుచ్చినచో బకుని బండి మరునాడును కదలుచునే యుండును.

ఏది దింపదగినది?

పైవారు కదలునంతవరకు బడి ఆగదు. రేపటి ఉదయము బిడ్డలు వత్తురు. కావున ఉన్న శక్తిని ఎట్లు వినియోగింపవలెనను విచారము ఇప్పుడే చేయవలెను. భారము మించినప్పుడు ఏదో ఒకటి జారిపోవుట నిశ్చయము. తెలియక జారవిడుచుటకంటె తెలిసి దింపుట మేలు. దింపునప్పుడు ఒక్క నియమమును పాటింపవలెను: ఆ నష్టము అందరికంటె దుర్బలుడైన బిడ్డపై పడరాదు.

ఈ నియమముతో చూచినచో దింపదగినవి కొన్ని స్పష్టమగును. గోడల అలంకారమునకై వ్రాయు పటములు దింపవచ్చును. ఒకే విషయమును రెండు పుస్తకములలో వ్రాయుట దింపవచ్చును. ఇంట సాయము చేయువారు లేని బిడ్డకు కుప్పలుగా ఇంటిపని నిచ్చి, మరునాడు దానిని దిద్దుటకు గంటలు వెచ్చించుట దింపవచ్చును. అది చదువుకొన్న తల్లిదండ్రుల బిడ్డను ముందుకును, బీడీలు చుట్టు తల్లి బిడ్డను వెనుకకును నెట్టును. దానికి మారుగా నోటితో చదివించి అక్కడికక్కడ దిద్దుట తక్కువ శ్రమ, ఎక్కువ ఫలము. వేదపాఠశాలలో గురువు ఒక్కసారి చెప్పగా శిష్యుడు రెండుసార్లు చెప్పును. దానినే సంత యందురు. గురువు గొంతుకు విశ్రాంతియు, శిష్యుని నాలుకకు అభ్యాసమును అందే ఇమిడియున్నవి. మేము చదువుకొన్ననాడు ఒకే అరుగుపై మూడు మట్టముల విద్యార్థులుండెడివారు. గురువుగారు ఒక వరుసకు సంత చెప్పుచుండగా మరియొక వరుస వల్లెవేయుచుండెడిది.

ఒకే గదిలో రెండు తరగతులు నడుపవలసినవారికి కమ్మర్‌పల్లి రైతు మంచి గురువు. పసుపు పరిశోధన కేంద్రము కూడ గల ఆ ప్రాంతమున రైతులు పసుపు సాళ్ల నడుమ మొక్కజొన్న వేయుదురు. మొక్కజొన్న నాలుగు నెలల లోపలనే చేతికి వచ్చును. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నిలిచి, సంక్రాంతి దాటిన పిదప త్రవ్వబడును. ఒకే నేల, ఒకే నీరు, రెండు గడువులు. అట్లే త్వరగా అందుకొను వరుసకు చిన్నచిన్న పనులిచ్చి వారంతట వారు చేయునట్లు చేసి, ఆ తీరికను మెల్లగా పండు బిడ్డలకు ఈయవలెను. పసుపు ఆలస్యముగా వచ్చునని రైతు దానికి నీరు తగ్గింపడుగదా.

పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుట మన వీధిబడులకు క్రొత్త కాదు. 18వ శతాబ్దము చివర మద్రాసులో అనాథబాలుర ఆశ్రమమును నడిపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లాండు దేశీయుడు ఈ విధానము నచ్చట అమలుపరచి, 1797లో లండనులో దానిని ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లాండులోని బడులకు ప్రాకినది. అయితే ఇందొక హద్దు కలదు. చెప్పిన దానిని మరల చెప్పించుటకే పెద్దపిల్లవాడు తగును. బిడ్డకు ఎందుకు రాలేదో కనిపెట్టుట గురువు పని. దానిని మరియొకరికి అప్పగింపరాదు.

ఇక దింపరానివి మూడు. తన స్వాధ్యాయము మొదటిది. దినమునకు అరగంట యైనను రేపటి పాఠమును చదువుకొనక నిద్రింపరాదు. వెనుకబడిన బిడ్డకు చెప్పు రెండవసారి రెండవది. అందరికిని ఒక్కనాడు వీలుపడకున్న దినమునకు ఇద్దరుముగ్గురు చొప్పున వారమునకు ఒక్కమారైనను ప్రతి బిడ్డ ప్రక్కన గూర్చుండవలెను. ప్రసన్నమైన మాట మూడవది. అలసిన గురువు నోట మొదట ఎండిపోవునది అదియే. తిట్టు ఒక్క క్షణములో వెలువడును. బిడ్డ దానిని యేండ్లతరబడి మోయును.

గ్రామస్థుల వంతు

బోధనాభారము బడిగోడల లోపలిదే యని గృహస్థులు తలపరాదు. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున మూడువంతులకు తక్కువ కాకుండ, అనగా నూటికి డెబ్బదియైదుగురు, తల్లిదండ్రులు సంరక్షకులే యుండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలుండవలెను. ఆ సంఘము సంతకములకు మాత్రమే యున్నచో ప్రయోజనము లేదు. మధ్యాహ్న భోజనమును పర్యవేక్షించుట, బడికి రాని బిడ్డ యింటికి పోయి విచారించుట, మరమ్మతులు చూచుట గ్రామస్థులు చేయగల పనులు. ఒక్కొక్క పని తగ్గినకొలది ఒక్కొక్క బిడ్డకు గురువు ప్రక్కన గూర్చుండు తీరిక కలుగును. నావలె ఉద్యోగవిరమణ పొందినవారు సాయంకాలము గుడి మండపమున ఒక గంట గూర్చుండి నలుగురు బిడ్డలచే చదివించినను అది భగవత్సేవయే.

భీమ్‌గల్ చెంతనున్న లింబాద్రిగుట్టపై కార్తికమాసమున శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము జరుగును. స్వామి రథమును ఒక్కడు లాగలేడు, లాగనక్కరయు లేదు. మోకు పొడవుగా నుండును. అందరి చేతులకును చోటుండును. చేయి వేయని వానికి రథము కదలుట చూచిన ఫలము మాత్రమే దక్కును.

భరన్యాసము

ఇంతవరకు చెప్పిన దానిని పాటించినను ఉపాధ్యాయుని మనస్సులో ఒక బరువు మిగులును. ఎంత చేసినను ఎవరో ఒక బిడ్డ వెనుకబడును. ఆ బరువును ఏమి చేయవలెను?

మన సంప్రదాయమున భరన్యాసమను మాట కలదు. శ్రీ వేదాంతదేశికులు న్యాసదశకము, న్యాసవింశతి మొదలగు గ్రంథములలో దీనిని ప్రతిపాదించిరి. తన స్వరూపమును, తన రక్షణభారమును, దాని ఫలమును భగవానుని యందు సమర్పించుట అది. ఇది ముముక్షువుల విషయమైనను దీనిలోని వివేకము నిత్యజీవితమున ఉపయోగపడును. భరన్యాసము చేసినవాడు పని మానివేయునా? మానడు. సంధ్యావందనము మొదలు సర్వమును పూర్వమువలెనే చేయును. కాని ఫలమునకై కాక కైంకర్యముగా చేయును. పని నిలిచియే యుండును. నేనే దీనిని నడుపుచున్నానను బరువు తొలగును.

గీత పదునెనిమిదవ అధ్యాయమున త్యాగమును భగవానుడు మూడు విధములుగా విభజించెను. చేయవలసిన దానిని మోహమున విడుచుట తామసము; శరీరమునకు కష్టమని భయపడి విడుచుట రాజసము; చేయవలసిన దానిని చేయుచు సంగమును ఫలమును విడుచుట సాత్త్వికము. బరువు పెరిగినదని పాఠమును విడుచువాడు మొదటి రెండింటిలో ఒకదానియందు పడును. పాఠమును విడువక, అందరును తనవలననే బాగుపడవలెనను పట్టుదలను, తనవలననే చెడుదురను భయమును విడుచువాడు మూడవ మార్గమున నిలుచును. అట్టివాడు తన శక్తికి హద్దు కలదని ఒప్పుకొనుటకు సిగ్గుపడడు, సాయమడుగుటకు సంకోచింపడు, సాయంకాలము ఇంటికి పోయి తన బిడ్డలతో నవ్వగలడు, మరునాడు బడికి తెప్పరిల్లిన మనస్సుతో రాగలడు.

ఫలమును స్వామిపై నుంచుడు. పాఠమును మాత్రము స్వామిపై నెట్టకుడు. కొరతను పాలకులకు తెలుపుడు. ఆ కొరతను బిడ్డకు చూపకుడు. వెనుక వరుసలోని బిడ్డకు చెప్పు రెండవ మాటను ఏ పనికొరకును తాకట్టు పెట్టకుడు. గ్రామమునకు పసుపు పంటయు, బిడ్డలకు విద్యాపంటయు సమృద్ధిగ నొసగి, బోధించువారికి ఓర్పును, తోడ్పడువారికి బుద్ధిని శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక.